ఖాళీ జోలె బరువు

1989వ సంవత్సరం జూన్ నెల పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు, ఆళ్ళగడ్డ సమీపంలోని గుండ్లవాగుపల్లెలో శ్రీమతి మహానందమ్మ గారు అంగన్‌వాడీ కార్యకర్తగా విధులలో చేరారు. ఆనాడు ఆమెకు అప్పగించిన ఆస్తి వివరాలు ఇవి: కిటికీ రెక్క ఊడిన పాత పంచాయతీ గది ఒకటి, నీళ్ళ బిందె ఒకటి, ఈతచాపలు మూడు, రాగం తీసి ఏడుస్తున్న పిల్లలు పందొమ్మిది మంది. వారిలో పద్దెనిమిది మంది మరునాటికి ఏడుపు మానగా, పందొమ్మిదవ బాలుడు మాత్రం వారం దినాలు పట్టు విడువలేదు. నేడు ఆ మహానుభావుడే ఆ ఊరి సర్పంచి. పట్టు మాత్రం నేటికీ విడువలేదని ఆమె నవ్వుతూ చెబుతారు.

ఆమె పుట్టింది నంద్యాలలో, మెట్టింది గుండ్లవాగుపల్లెలో చిల్లర అంగడి నడిపే మాధవయ్య గారి ఇంట. ఉద్యోగం మాట చెవిన పడగానే అత్తగారు మజ్జిగ చిలకడం ఆపి, "షావుకారింటి కోడలు ఊరోళ్ళ పిల్లోళ్ళ ముక్కులు తుడిచేదేందీ? ఇనేటోళ్ళు నవ్విపోతారు" అన్నారు. మాధవయ్య గారిది బహు తక్కువ మాటల స్వభావం. "నవ్వితే నవ్వనీలేమ్మా. తుడిచేవాళ్ళు ఒకరుండాల గదా" అని, అంగట్లోంచి రెండు కొత్త తువ్వాళ్ళు తీసి భార్య చేతికిచ్చారు. ఆ రెండు తువ్వాళ్ళ తరువాత ఆ అంగటి నుండి ఆ అంగన్‌వాడీ కేంద్రానికి చిటికెడు ఉప్పు కూడా వెళ్ళలేదన్నది ఊరంతా ఎరిగిన సంగతి. ఊళ్ళో ఉన్నది ఒక్కటే అంగడి. అయినా కందిపప్పు నిండుకుంటే ఆయా పరంజ్యోతిని పక్క ఊరికి పంపేవారు. మాధవయ్య గారికి ఒకనాడు ఉక్రోషం వచ్చి, "మా పప్పుకేమన్నా పురుగు పట్టిందా?" అని అడిగితే, "పప్పు బంగారంలా ఉందండీ. కానీ కేంద్రానికి నా చేత్తో కొని, నా ఇంట్లోనే అమ్ముకుంటే, రేపు నా మాట ఎవరు నమ్ముతారు?" అన్నారట. ఆయన మళ్ళీ అడగలేదు.

మన అంగన్‌వాడీ ఉద్యోగంలో అందరూ ఎరిగినదే అయినా ఎవరూ రాయని ఘడియ ఒకటుంది. పిల్లలు భోజనం ముగించి, మూతులు కడిగించుకుని, చాపల మీద ఒకరి కాలు ఒకరి మీద వేసుకుని నిద్రలోకి జారే మధ్యాహ్నపు వేళ అది. రెక్క లేని కిటికీలోంచి ఎండ పలకలా వచ్చి నేల మీద వాలేది. దూరాన నల్లమల నీలంగా కరిగిపోయి, కొండో మబ్బో తెలియకుండా ఉండేది. రోడ్డు పక్క శిల్పుల కొట్టాల్లో ఉలి చప్పుడు ఆగి ఆగి వినిపించేది. ఆ వేళ మహానందమ్మ గారు గోడకు ఆనుకుని కూర్చుని, ఒక్కొక్కరి ఊపిరినీ వింటూ, ఏదో తెలియని ఊరిలో ఉన్నట్టు ఉండేవారు. తామూ కాస్త నడుము వాల్చుదామని ఏనాడూ అనుకోలేదు. "మేలుకున్నప్పుడు బిడ్డ మనల్ని చూస్తాంటాది. నిద్రపోయేటప్పుడు నమ్మి కండ్లు మూస్తాది. ఆ టైములోనే మనం సరిగ్గా ఉండాల" అని ఆమె తరువాతి కాలంలో కొత్తవారికి చెప్పేవారు.

పసిపిల్లలకు దాపరికం తెలియదు. రాత్రి ఇంట్లో ఎవరు ఎవరిని తిట్టారో, ఎవరి కుండలో బియ్యం లేవో, అన్నీ పొద్దున్నే వచ్చి ఆమె చెవిలో పోసేవారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆ కబుర్ల కోసం ఎన్ని విధాల కదిపినా ఆమె "ఆఁ? ఏమంటివి?" అంటూ బిందె ఎత్తుకుని వచ్చేసేవారు. అందుచేత టీచరమ్మకు కాస్త చెవుడని ఊళ్ళో చాలాకాలం అనుకున్నారు. బియ్యం లేని ఇంటికి మాత్రం ఆ సాయంత్రమే ఏదో పని పెట్టుకుని వెళ్ళేవారు. దెబ్బలు తిన్న తల్లి ఉన్న ఇంటికైతే పని పెట్టుకోకుండానే వెళ్ళేవారు. చెవుడున్న మనిషికి ఆ సంగతులన్నీ ఎలా తెలిశాయని ఎవరూ ఆలోచించలేదు, మన అదృష్టం.

ఆటవస్తువులకు ప్రభుత్వం వైపు చూస్తూ కూర్చునే అలవాటు ఆమెకు లేదు. శిల్పుల కొట్టాలకు వెళ్ళి, విగ్రహాలు చెక్కగా మిగిలిన రాతి ముక్కలు ఏరి, వాటి అంచులు సానరాతి మీద తాము స్వయంగా అరగదీసి, బుగ్గకు ఆనించుకుని చూసి, గరుకు లేదని తేలాకే పిల్లల చేతికిచ్చేవారు. నలుపు, బూడిద, తెలుపు. చల్లవి, ఎండకు కాగినవి. పెద్దవి, పిడికిట్లో దాగేవి. ఆ ఊరి పిల్లలు రంగులూ లెక్కలూ ఆ రాళ్ళతోనే నేర్చుకున్నారు. ఇక ఆమె చేతిరాత పుస్తకం గురించి వేరే చెప్పనక్కరలేదు. చెవి వినపడని బిడ్డను ఏ వారం ఎక్కడికి తీసుకుపోవాలి, నడక రాని బిడ్డకు ధ్రువపత్రం ఎవరినడగాలి, ఫిట్స్ వస్తే అంబులెన్సు వచ్చేలోగా ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఏ ఆసుపత్రిలో ఏ నర్సమ్మ విసుక్కోకుండా మాట్లాడుతుంది, ఏడ్చే బిడ్డను ఏ పాటతో మరిపించాలి, ఇవన్నీ గీతల నోటుపుస్తకంలో తెలిసినప్పుడల్లా రాసుకున్నారు. పైన "ఎవరినడగాల?" అని పేరు పెట్టారు. జిరాక్సుల మీద జిరాక్సులై అది ఇటు చాగలమర్రి దాకా, అటు పాణ్యం, పగిడ్యాల దాకా పోయింది. అక్షరాలు మసకబారి చదవరాని ప్రతులు కూడా కొందరు పారేయకుండా దాచుకున్నారు.

2015లో ఆమెకు, చుట్టుపక్కల కేంద్రాలన్నీ కలిసిన సెక్టారుకు పర్యవేక్షకురాలిగా పదోన్నతి లభించింది. రావలసిన దానికంటే నాలుగేళ్ళు ఆలస్యంగా లభించింది. ఎందుకో తరువాత చెప్పుకుందాం. పర్యవేక్షణ అంటే కుర్చీ వేయించుకుని రిజిస్టర్లు తిరగేయడమని మనలో కొందరికి అభిప్రాయం. ఆమె నేరుగా వెళ్ళి చాప మీద కూర్చునేవారు. పిల్లలు ఎవరికి ఎంత దగ్గరగా కూర్చుంటున్నారో చూసేవారు, రిజిస్టరు చివర అడిగేవారు. హిమజ అనే కొత్త కార్యకర్త ఒకనాడు బిక్కచచ్చిపోయి, "అమ్మా, నిన్న ఇద్దరు పిల్లోళ్ళకు గుడ్లు చాలలేదు, అయినా ఇచ్చినట్టు రాసేసినా" అన్నప్పుడు, ఆమె కోప్పడతారని గది బయట అందరం చెవులు రిక్కించాం. "చెప్పినావు గదా, మంచిది. ఇప్పుడు కొట్టేసి, కింద ఉన్నదున్నట్టు రాయి. ఆ ఇద్దరి అమ్మలకూ చెప్పిరా" అన్నారు. అంతే. ఆ హిమజ నేడు మన సెక్టారులో అందరికంటే నమ్మకమైన కార్యకర్త.

ఇక ఈ సంచిక సంగతి. ఆమె పదవీ విరమణ సభకు సన్మాన సంచిక వేద్దామని నిర్ణయించుకున్నాక, సహోద్యోగిని భావన ఆ కబురు చెప్పడానికి ఆమె ఇంటికి వెళ్ళింది. మహానందమ్మ గారు పెసలు చెరుగుతూ అంతా విన్నారు.

"రాయండి. కానీ నా జోలె తప్పు రాయాల. అది లేకుండా రాస్తే ఆ పుస్తకం నేను చేత్తో కూడా పట్టుకోను."

"అమ్మా, సన్మాన సంచికలో తప్పు రాస్తారా ఎవరన్నా?" అని భావన నెత్తి పట్టుకుంది.

"ఒప్పులు అందరికీ ఉంటాయమ్మా. కొత్తగా చేరిన పిల్లలు చదువుతారు గదా. వాళ్ళకు పనికొచ్చేది అదొక్కటే" అన్నారు ఆమె, చాట పక్కన పెట్టకుండానే. సన్మానానికి ఇటువంటి షరతు పెట్టిన మనిషిని మన కార్యాలయం ఇదే మొదటిసారి చూడటం. షరతును శిరసావహించి ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాం.

2011వ సంవత్సరం. ప్రతి నెలా పిల్లల తూకం వేసే పద్ధతి మనకు తెలిసిందే. దూలానికి గుండ్రటి ముఖమున్న త్రాసు వేలాడుతుంది. దాని కొక్కానికి నిక్కరు లాంటి నైలాను సంచి తగిలిస్తారు. అందులో బిడ్డను కూర్చోబెడితే ముల్లు తిరుగుతుంది. వచ్చిన బరువును పటంలో చుక్కగా పెడతారు. చుక్క ఆకుపచ్చ గడిలో పడితే బిడ్డ క్షేమం, పసుపులో పడితే జాగ్రత్త, నారింజలో పడితే వెంటనే ఆసుపత్రి. ఆ నైలాను సంచి తొడలకు కోసుకుని పిల్లలు గుక్కపట్టి ఏడ్చేవారు. తూకం రోజు వస్తుందంటే తల్లుల గుండెలు దడదడలాడేవి. అది చూడలేక మహానందమ్మ గారు తమ పాత నూలు చీరలు నాలుగు మడతలు వేసి, నడుమ దూది పరిచి, దగ్గర దగ్గరగా కుట్టి, పైన ఇనుప కడియం బిగించి ఒక జోలె తయారుచేశారు. ఫిబ్రవరి తూకానికి దాన్ని తగిలించారు. ఆ రోజు ఒక్క బిడ్డ ఏడవలేదు. జోలెలో కూర్చోబెట్టగానే గాలికి ఊగుతూ కళ్ళు అరమోడ్చారు. ఒక పిల్ల అందులోనే నిద్రపోతే దింపడానికి ఆమెకు మనసు రాలేదు. మళ్ళీ ఎక్కుతామని పిల్లలు వరుస కట్టారు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో తనకు అంతటి హాయి మధ్యాహ్నం మరొకటి లేదని ఆమె అంటారు.

ఆ హాయిలోనే పొరపాటు జరిగిపోయింది. సంచి మార్చినప్పుడు ఖాళీ సంచిని తగిలించి, త్రాసు మీది మర తిప్పి, ముల్లును సున్న దగ్గరకు తేవాలి. ఆమె తేలేదు. అంగడి ఇంటి మనిషికి తూకం తెలియదా అని ఎవరైనా అడగవచ్చు. తెలియబట్టే ఈ చిక్కు. చిల్లర అంగట్లో సరుకు పళ్ళెంలో తూగుతుంది, తూగిన తరువాతే సంచిలో పడుతుంది. సంచి ఏనాడూ తక్కెడ ఎక్కదు. అన్నేళ్ళుగా ఆ గడపలో మసలిన ఆమె మనసులో సంచికి బరువన్నదే లేదు.

ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. ముప్పై ఒక్క మంది పిల్లల చుక్కలూ పైకి లేచాయి. పసుపు గడిలోని పిల్లలు ఒక్కొక్కరే ఆకుపచ్చలోకి మారారు. జనవరి నుండి ఆమె పప్పులో మునగాకు వేయించడం మొదలుపెట్టారు కనుక, అంతా మునగాకు మహిమ అనుకున్నారు. ఆమె కూడా అనుకున్నారు. తల్లులు మురిసిపోయారు. పైఅధికారులు మురిసిపోయారు. నంద్యాలలో జరిగే సభలో ఆ కేంద్రానికి ప్రశంసాపత్రం ఇస్తారని, పదోన్నతి జాబితాలో ఆమె పేరు ఉందని ఉత్తరం వచ్చింది. సభ సోమవారం.

అంతకు ముందు శనివారం, మాధవయ్య గారు అంగటికి కొత్తగా కరెంటు త్రాసు కొన్నారు. కొత్త వస్తువు చేతికొస్తే ఎంతటి పెద్దమనిషైనా చిన్నపిల్లవాడే కదా. సబ్బు పెట్టి చూశారు, తమలపాకుల కట్ట పెట్టి చూశారు, కళ్ళజోడు తీసి పెట్టి చూశారు. ఉతికి ఆరేసి మడతపెట్టిన జోలె చేతికి తగిలితే అదీ పెట్టారు.

"ఏమే, నీ జోలె అరకిలోకు యాభై గ్రాములే తక్కువుంది. బాగా బరువుగా కుట్టినావే!" అన్నారు మెచ్చుకోలుగా.

లోపల వంటింట్లో మహానందమ్మ గారి చేతిలోని గరిటె ఆగిపోయింది. పొయ్యి ఆర్పి, చెప్పులు కూడా వేసుకోకుండా కేంద్రానికి నడిచారు.

సాయంకాలపు ఎండ గదిలో ఏటవాలుగా పడి ఉంది. ఖాళీ జోలెను త్రాసుకు తగిలించారు. ఎవరూ లేని జోలె మెల్లగా ఊగింది, ముల్లు అరకిలో గీత దగ్గరకు వచ్చి నిలిచింది. ఆమె రిజిస్టరు తెరిచి ఒక్కొక్క పేరు ఎదుటా పెన్సిలుతో తగ్గించి రాసుకుంటూ పోయారు. ఆ పేర్లు చదువుతూ ఉంటే చాపల మీద ఆ బిడ్డలందరూ పడుకుని ఉన్నట్టూ, తాను వాళ్ళు కప్పుకున్న దుప్పట్లు ఒక్కొక్కటే లాగేస్తున్నట్టూ ఆమెకు తోచింది. ముప్పై మంది మళ్ళీ జనవరి గడుల్లోకి దిగారు. వర్షిణి దగ్గర పెన్సిలు ఆగింది.

వర్షిణికి ఇరవై రెండు నెలలు. ఊళ్ళో తరతరాలుగా సేద్యం చేసే పెద్ద కుటుంబం వారిది. గురవయ్య గారి కూతురు, రామేశ్వరమ్మ గారి మనవరాలు. సంక్రాంతి దాటినప్పటి నుండి విరేచనాలు పట్టుకుని వదలలేదు. ఆసుపత్రికి తీసుకుపోవాలా అని గురవయ్య గారు మార్చిలో అడిగారు. ఎనిమిది కిలోల పైనే ఉంది, పసుపు గడి, ఇంట్లో జాగ్రత్తగా చూసుకుంటే చాలు అని ఆమే చెప్పారు. అసలు బరువు ఏడు కిలోల ఆరు వందలు. నారింజ. మూడు నెలలుగా నారింజ. ఆ బిడ్డ ఎండిపోతూ ఉంటే, బాగుందని తన నోటితో తనే చెప్పింది.

ఆదివారం పొద్దున ఆళ్ళగడ్డ వెళ్ళి నాటి పైఅధికారిణిని ఇంట్లోనే కలిసి చెప్పుకున్నారు. ఆమె చెడ్డ మనిషి కాదు, గాభరాపడ్డ మనిషి. "మహానందమ్మా, లెక్కలన్నీ పైకి పోయినాయి. రేపు సభ పెట్టుకుని ఇప్పుడు ఈ మాట చెప్తాండావా? మర తిప్పేసెయ్. నెలకు నూరు గ్రాములు తగ్గిస్తా రాసుకుంటా పో, నాలుగు నెలలకు సరిపోతాది. ఎవురికీ తెలీదు. నీ ప్రమోషనూ పోదు" అన్నారు.

"ఆ పాపకు నాలుగు నెలలు లేవేమో మేడం" అన్నారు మహానందమ్మ గారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే పత్తి చేలు, కాలువ, మళ్ళీ చేలు, అంతా నిద్రలో కదులుతున్నట్టు వెనక్కు పోయాయి. నూరు గ్రాములన్న మాట చెవిలో తీయగానే మోగిందని ఆమె ఒప్పుకుంటారు. నలభై ఎనిమిదేళ్ళ వయసు, రాక రాక వచ్చిన అవకాశం, ఊళ్ళో ఇంతవరకు మచ్చలేని పేరు. ఎవరికీ తెలియదు. బస్సు దిగాక కాళ్ళు ఇంటివైపు రెండడుగులు వేశాయి కూడా. తరువాత గురవయ్య గారి ఇంటివైపు తిరిగాయి.

వాకిట్లో పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. రామేశ్వరమ్మ గారి ఒడిలో వర్షిణి పడుకుని ఉంది.

"అక్కా, నేను తప్పు చేసినా" అన్నారు నిలబడే. "పాప ఎనిమిది కిలోలు లేదు. ఏడు కిలోల ఆరువందలే. మూడు నెలలుగా మీకు తప్పు చెప్తాండా."

గురవయ్య గారు మంచం మీది నుంచి లేచారు. "ఏందీ టీచరమ్మా నువ్వనేది? నువ్వు చెప్తేనే గదా ఆసుపత్రికి పోకుండా ఆగినాము?"

"అవునప్పా. నేను చెప్పినందుకే ఆగినారు."

రామేశ్వరమ్మ గారు అన్నది ఊరంతా వినపడింది. "నా మనవరాలిని నమ్మి నీ చేతికిస్తి గదా శెట్టెమ్మా! కండ్లు యాడ పెట్టుకోనుంటివి? బిడ్డ ఎముకలు నాకు కనపడతాండె, టీచరమ్మ చెప్పింది గదా అని నా కండ్లను నేనే నమ్మకపోతి!"

పిల్లలకు మెత్తగా ఉండాలని ఆ జోలె కుట్టానన్న మాట మహానందమ్మ గారి నోటిదాకా వచ్చింది. మింగేశారు. అది చెబితే వాళ్ళు జాలిపడవలసి వస్తుంది; జాలి పడవలసింది తన మీద కాదు. "రేపు మొదటి బస్సుకు నంద్యాల పోదాం. పెద్దాసుపత్రిలో ఇట్లాంటి పిల్లలకని వార్డుంది. నేను తోడొస్తా" అన్నారు.

"నువ్వు రావద్దు. ఈ ఇంటి గడప కూడా తొక్కొద్దు" అన్నారు రామేశ్వరమ్మ గారు.

దీపాలు పెట్టేలోగా మిగిలిన ముప్పై ఇళ్ళకూ వెళ్ళి అదే మాట చెప్పారు. మరునాడు రావద్దన్న బస్సులోనే వెనక సీటులో కూర్చుని నంద్యాల వెళ్ళారు. ప్రశంసాపత్రాలు ఇచ్చే సభామండపం ముందు నుంచే బస్సు పోయింది. తోరణాలు గాలికి ఊగుతున్నాయి. ఆమె ఆసుపత్రి దగ్గర దిగి, చీటీ రాయించి, వార్డు చూపించి, నర్సమ్మతో మాట్లాడి, తల్లీబిడ్డలకు మంచం దొరికే వరకు వరండాలో నిలబడ్డారు. గురవయ్య గారు ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడి నుంచే ప్రాజెక్టు కార్యాలయానికి ఉత్తరం రాసి, దిద్దిన అంకెల పట్టిక జతచేసి పంపారు. కొద్ది దినాలకు సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. జాబితా నుండి పేరు పోయింది.

ఊళ్ళో పిల్లలు రావడం మానేశారు. రామేశ్వరమ్మ గారి మాటంటే ఆ ఊళ్ళో మాటే. పద్నాలుగు రోజులు మహానందమ్మ గారు తొమ్మిదింటికి తలుపు తీసి, ఊడ్చి, మధ్యాహ్నం చాపలు పరిచి, గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఎండ వచ్చి ఖాళీ చాపల మీద పడుకుని వెళ్ళిపోయేది. ఏ ఊపిరీ వినపడని ఆ గదిలో కూర్చుంటే, తాను ఇరవై రెండేళ్ళుగా పిల్లలను కలగన్నానేమో, నిజానికి ఇక్కడ ఎవరూ ఉండేవారు కాదేమో అనిపించేదట.

"ఎవరికోసరం పరుస్తాండావమ్మా సాపలు?" అని పరంజ్యోతి కళ్ళు తుడుచుకునేది.

"వచ్చేవాళ్ళకు."

"వస్తారంటావా?"

"తెలీదే. రాకపోయినా తప్పు వాళ్ళది గాదు."

తలుపు మూసి, రోజూ నంద్యాల బస్సెక్కేవారు. వార్డు బయటి నుండి బిడ్డను చూసి, ఆ రోజు ఎన్నిసార్లు పాలు తాగిందో నర్సమ్మను అడిగి, తల్లికి కనపడకుండా తిరిగి వచ్చేవారు.

పదిహేనవ నాడు మధ్యాహ్నం బస్సు ఆగిన చప్పుడు వినిపించింది. రామేశ్వరమ్మ గారు చంకలో వర్షిణితో దిగారు; వెనక కోడలు, సంచులు. ఇంటికి పోయే దారి కుడివైపు. ఆమె ఎడమకు తిరిగి, నేరుగా కేంద్రం గడప దాటి లోపలికొచ్చి, దూలం కింద నిలబడ్డారు.

"తూకం ఎయ్యి" అన్నారు.

మహానందమ్మ గారు గోడ దగ్గర నుంచి లేచారు. ఖాళీ జోలె తగిలించి, మర తిప్పి, ముల్లు సున్న దగ్గర నిలిచాక పక్కకు జరిగి, రామేశ్వరమ్మ గారిని చూడమన్నారు. ఆ తరువాత బిడ్డను కూర్చోబెట్టారు. వర్షిణి కడియం పట్టుకుని కిలకిల నవ్వింది.

"ఎనిమిది కిలోల రెండువందలు."

"ఎక్కినట్టేనా?"

"ఎక్కింది. అయినా ఇంగా తక్కువే అక్కా. ఇంకో రెండు నెలలు గట్టిగా చూసుకోవాల." అంత మంది మాటలు పడ్డాక ఆ 'తక్కువే' అన్న మాట అనడానికి ఎంత గుండె కావాలో చదువరులు ఆలోచించండి.

రామేశ్వరమ్మ గారు రొంటిన దోపిన కాగితం తీసి, విప్పకుండానే మళ్ళీ దోపుకున్నారు. "ఆసుపత్రోళ్ళు ఇదే రాసిచ్చినారంట, కోడలు చదివింది. నువ్వు తూకం ఏసిందాకా నాకు కుదురు పడలా. తప్పు చేసి, అడక్కముందే ఇంటికొచ్చి చెప్పినదాన్ని నా బతుకులో నిన్నొక్కదాన్నే చూసినా శెట్టెమ్మా. ఇంగ నువ్వు ఎక్కువంటే ఎక్కువ, తక్కువంటే తక్కువ." గుమ్మం దగ్గర ఆగి, వెనక్కు తిరగకుండానే అన్నారు: "రేపు అందరూ వస్తారు. నేను చెప్తా పో."

మహానందమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని, గోడవైపు తిరిగి, వెక్కి వెక్కి ఏడ్చారు. మరునాడు ముప్పై ఒక్క మంది వచ్చారు.

ఆ తల్లి 2025 ఆగస్టు నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆమె చేతిలో పెరిగిన వారు, ఆమె వద్ద పని నేర్చిన వారు, ఆమెతో కలిసి పనిచేసే భాగ్యం కలిగిన మనమందరం, మాధవయ్య గారి తోడులో ఆమె శేషజీవితం ఏ చీకూ చింతా లేక ఆయురారోగ్యాలతో సాగాలని మనసారా కోరుకుంటున్నాం. నూరేళ్ళు జీవించాలని రాయబోతే, "అంత ఎక్కువ రాయొద్దమ్మా, ఉన్నదే రాయండి" అంటారని మనకు తెలుసు. తెలిసే రాస్తున్నాం. మహానందమ్మ గారూ, మీరు నిండు నూరేళ్ళు మా మధ్య ఉండాలి. అందరి అంకెలూ దిద్దారు. మీకు దణ్ణం పెడతాం, ఈ ఒక్క అంకెను మాత్రం దిద్దకండి.